కార్చిచ్చు పాఠము: ఒక పరిశీలన

మా కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులను ఏటేట ఒక ప్రశ్న అడుగుట నాకు వాడుక. "వేసవిలో అడవి ఎందుకు కాలుచున్నది?" అన్నదే ఆ ప్రశ్న. ఏలూరు పట్టణమునకు చదువు నిమిత్తము వచ్చు పిల్లలు మూడు విధములైన నేలలనుండి వచ్చుచుందురు. కొందరు కొల్లేటి లంకలవారు. కొందరు తాడేపల్లిగూడెము ప్రాంతమున కాలువల క్రింది పల్లెలవారు. మరికొందరు బుట్టాయగూడెము, పోలవరము వైపు మెట్టసీమవారు. నేల ఏదైనను జవాబు మాత్రము ఇంచుమించు ఒక్కటే. "ఎండలు ముదిరితే ఎండుగడ్డి దానంతట అదే అంటుకుంటుందండి" అని కొందరు, "వెదురుబొంగులు ఒరుసుకుని నిప్పు పుడుతుందండి" అని మరికొందరు చెప్పుదురు.

ఒక సంవత్సరము బుట్టాయగూడెము దాపునుండి వచ్చిన విద్యార్థిని యొకతె లేచి, "అడవి దానంతట అది కాలదండి. ఎవరో ఒకరు నిప్పు పెడితేనే కాలుతుంది. మా వైపు ఇప్పపూలు ఏరుకునేవాళ్లు చెట్టుకింద ఆకు కాలుస్తారు" అని చెప్పినది. తరగతిలోని తక్కినవారందరును ఆమెవైపు తిరిగి చూచిరి. నిజము చెప్పిన పిల్ల నేరము చేసినదానివలె తలవంచుకొని కూర్చున్నది. అట్లు చూచినవారిలో, దాళ్వా కోతలైన పిదప తమ చేలలో గడ్డికి నిప్పు పెట్టుట కన్నులార చూచినవారు ఎందరో కలరు. కాని అది వారికి ఆ క్షణమున జ్ఞప్తికి వచ్చినట్లు లేదు.

పిల్లలు చెప్పిన తప్పు జవాబుకన్న ఆ చూపు నన్ను ఎక్కువగా బాధించినది. ఇది ఎక్కడనుండి వచ్చినది? పిల్లలు చదివిన పాఠమున దీనికి మూలమేమైన కలదా? ఈ సందేహముతో నేను కార్చిచ్చునుగూర్చిన పాఠమును మరల తెరచి చదివితిని. ఆ పఠనఫలమే ఈ వ్యాసము.

పాఠములో ఉన్నది

నేను చదివినది జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్.సి.ఇ.ఆర్.టి.) 2008లో వెలువరించిన ఎనిమిదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథములోని దహనము, జ్వాల అను అధ్యాయము. 2025లో ఆ తరగతికి క్రొత్త గ్రంథము వచ్చినది. అయినను పాత పాఠమును చదివినవారును, దానిని ఆధారముగ చేసికొని బోధించినవారును మన మధ్య ఎందరో కలరు. పుస్తకము మారినంతమాత్రమున మనస్సులో నాటుకొన్న మాట మారదు. కావున దానిని పరీక్షించుట వ్యర్థము కాదు.

మొదట దాని గుణములు చెప్పవలెను. ఇది చక్కని అధ్యాయము. మండుటకు ఇంధనము, గాలి, తగిన వేడి అను మూడును కావలెనని ప్రయోగములతో చూపినది. ప్రతి పదార్థమునకు జ్వలన ఉష్ణోగ్రత అనునది ఒకటి కలదనియు, అంతకు తక్కువ వేడిలో ఆ పదార్థము అంటుకొనజాలదనియు స్పష్టముగా నిర్వచించినది. కాగితపు దొన్నెలో నీరు పోసి మంటపై పెట్టినను కాగితము కాలదను ముచ్చటైన ప్రయోగము కూడ అందులో ఉన్నది. మంట ఇచ్చు వేడిని నీరు గ్రహించుటచే కాగితము జ్వలన ఉష్ణోగ్రతను చేరలేదని వివరణ. అధ్యాయము చివర అభ్యాసములలో, పచ్చి ఆకుల కుప్ప అంటుకొనుట కష్టము, ఎండుటాకులు సులభముగ అంటుకొనును, కారణమేమి అను ప్రశ్న కూడ కలదు.

ఇంత చక్కగా సామగ్రి సమకూర్చుకొన్న పాఠము, కార్చిచ్చు దగ్గరకు వచ్చుసరికి తన మాటను తానే మరచినది. తీవ్రమైన వేసవి వేడిమికి కొన్నిచోట్ల ఎండుగడ్డి అంటుకొని, గడ్డినుండి చెట్లకు ప్రాకి, అడవియంతయు మండునని ఒకచోట చెప్పినది. మరియొకచోట, ఎండ వేడిమివలనగాని పిడుగువలనగాని అడవులు ఒక్కొక్కప్పుడు తమంత తామే అంటుకొనునని చెప్పి, అయితే అధికభాగము మనుష్యుల అజాగ్రత్తవలన జరుగునని ఒక వాక్యము చేర్చినది. ఆ అజాగ్రత్తకు ఉదాహరణముగ, వనవిహారమునకు పోయినవారు వేసికొన్న చలిమంటను ఆర్పి రావలెనని హెచ్చరించినది.

నిర్వచనముతో పొసగని మాట

ఎండుగడ్డి అంటుకొనుటకు ఎంత వేడి కావలెను? సుమారు 250 సెంటిగ్రేడు డిగ్రీలకు పైబడి కావలెను. మన ప్రాంతమున మండువేసవిలో గాలి ఉష్ణోగ్రత 45, 46 డిగ్రీలు ముట్టిన దినములు కలవు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నేల పైభాగము 60, 70 డిగ్రీల వరకు వేడెక్కవచ్చును. ఎంత ఎక్కువ వేసికొన్నను 70 డిగ్రీలకును 250 డిగ్రీలకును మధ్య 180 డిగ్రీల అంతరము మిగిలియే ఉన్నది. కావున పాఠము నేర్పిన నిర్వచనము ప్రకారమే ఎండ అడవిని అంటింపజాలదు. ఒక పుటలో నేర్పిన సూత్రమును మరియొక పుటలో పిల్లవాడు ప్రయోగించి చూచినచో పాఠమే తప్పును. ప్రయోగింపడు కాబట్టి నమ్మును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. తడి ఆరని గడ్డిని పెద్దవామిగా వేసినచో లోపల వేడి పుట్టుననియు, ఒక్కొక్కప్పుడు వామి తనంతట తానే రాజుకొనుననియు మన రైతులకు తెలియును గదా! నిజమే. తేమగల గడ్డిలో సూక్ష్మజీవులు పెరుగుటవలన వేడి పుట్టును, వామి మందముగా ఉండుటచే ఆ వేడి బయటికి పోదు, క్రమముగా హెచ్చును. కాని అడవినేలపై ఆకులు పలుచగా పరచుకొని, గాలికి తెరచి, పొడిగా ఉండును. అక్కడ ఆ విధముగ వేడి పుట్టుటకును వీలు లేదు, పుట్టినది నిలుచుటకును వీలు లేదు.

ఇక వెదురుల రాపిడి. ఇది మన కావ్యములనుండి, పెద్దల నోటినుండి వచ్చిన మాట. పచ్చివెదురులో నీరు విస్తారముగా ఉండును. గాలికి ఊగు రెండు బొంగుల ఒరపిడి ఒకే బిందువుపై, ఒకే వేగముతో నిలిచి సాగదు. పుట్టిన వేడి ఎప్పటికప్పుడు చెదరిపోవును. చేతితో కట్టెను కట్టెపై మథించి నిప్పు చేయువారు ఎంత ఎండిన కట్టెను ఎంచుకొందురో, ఎంత ఒత్తిడితో విరామము లేక త్రిప్పుదురో గమనించినచో ఈ భేదము తెలియును. పిడుగుమాట వేరు. కెనడావంటి ఉత్తరదేశముల అడవులలో పిడుగులచే విస్తారముగా అగ్నులు పుట్టుచున్నవి. మనకు ఫిబ్రవరి, మార్చి మాసములలో కొండలపై నిప్పు కనబడు వేళ ఆకాశమున సాధారణముగ మబ్బే ఉండదు. ఏప్రిల్, మే మాసముల పిడుగు తరచుగా వానను వెంటబెట్టుకొనియే వచ్చును.

ఎండ చేయు పని

అట్లయినచో వేసవికిని కార్చిచ్చునకును సంబంధమే లేదా? కలదు. ఎండ నిప్పు పెట్టదు. నిప్పునకు అడవిని సిద్ధము చేయును. ఆ సిద్ధము చేయుట అనగా ఆరబెట్టుటయే. పాఠములో లేనిది ఈ ఒక్కమాట.

లెక్కవేసి చూతము. ఒక గ్రాము పొడిగడ్డిని 30 డిగ్రీలనుండి 300 డిగ్రీలకు వేడిచేయుటకు, దాని విశిష్టోష్ణమును సుమారు 0.35 అనుకొన్నచో, 95 కేలరీలు చాలును. ఆ గడ్డిలో తేమ ఉన్నచో ముందుగ ఆ నీటిని 100 డిగ్రీలకు తెచ్చి ఆవిరి చేయవలెను. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కేలరీలు, ఆవిరి చేయుటకు గుప్తోష్ణము 540 కేలరీలు, వెరసి 610 కావలెను. గడ్డి పొడిబరువులో నూటికి 5 పాళ్లు తేమ ఉన్నచో అదనపు ఖర్చు 30 కేలరీలు మాత్రమే, మొత్తము 125. నూటికి 25 పాళ్లు తేమ ఉన్నచో అదనము సుమారు 150, మొత్తము 245. పచ్చి ఆకులో నీరు పొడిబరువుతో సమానముగా ఉన్నచో మొత్తము 700 దాటును.

ఒక ఆకు మండుచు ప్రక్క ఆకునకు ఇచ్చు వేడి ఈ ఖర్చును భరింపగలిగినంతవరకే మంట ప్రాకును. భరింపలేనినాడు ఆరిపోవును. నేలరాలిన ఆకులలోను గడ్డిలోను తేమ నూటికి 25, 30 పాళ్లు దాటినప్పుడు మంట సామాన్యముగ సాగకపోవుటకు కారణమిదే. కాగితపు దొన్నెలోని నీరు చేసిన పనినే ఆకులోని తేమయు చేయుచున్నది. పాఠకర్తలు దొన్నె ప్రయోగమును, పచ్చి ఆకుల ప్రశ్నను, కార్చిచ్చును ఒకచోట చేర్చియుండినచో పిల్లవానికి ఈ రహస్యము ఒక్క వాక్యములో దొరకియుండెడిది.

ఇంకొక విషయము. సన్నని వస్తువు త్వరగా ఆరును, లావైనది ఆలస్యముగ ఆరును. గడ్డిపోచ, ఎండుటాకు గాలిలోని తేమననుసరించి గంట రెండుగంటలలో మారిపోవును. వ్రేలెడు పుల్లకు పూట పట్టును. లావు దుంగకు వారములు, నెలలు పట్టును. అందుచేతనే తెల్లవారుజామున మంచు పడినప్పుడు అంటుకొనని ఆకు, అదేనాటి మధ్యాహ్నము రెండుగంటలకు అగ్గిపుల్లకు కాచుకొని ఉండును. గాలి తోడైనచో మంట వంగి ముందున్న ఇంధనమును ముందే ఆరబెట్టును. కొండవాలున ఎగువకు ప్రాకు మంటకు కూడ ఇదే సౌకర్యము. వాలు ప్రతి 10 డిగ్రీలకు మంట వేగము సుమారు రెట్టింపగునని అగ్నిశాస్త్రజ్ఞుల స్థూలమైన లెక్క. 2018 మార్చిలో తమిళనాడున తేని జిల్లా కురంగణి కొండలలో 20 మందికి పైగా పాదచారులు అగ్నిలో చిక్కి మరణించిన దుర్ఘటనలో ఎండుగడ్డి, గాలి, వాలు అను మూడును కూడినవి. మన శేషాచలము కొండలలో 2014 మార్చిలో చెలరేగిన మంటలను ఆర్పుటకు వైమానికదళపు హెలికాప్టర్లు రావలసివచ్చినది.

కెనడాలో 1970లో రూపొందించి ప్రకటించిన అగ్నివాతావరణ సూచికను చూచినను ఈ సంగతియే తేలును. అందులో మధ్యాహ్నవేళ కొలిచిన ఉష్ణోగ్రత, గాలిలోని సాపేక్ష ఆర్ద్రత, గాలివేగము, గడచిన 24 గంటల వర్షము అను నాలుగు కొలతలతో అడవినేలపై మూడు పొరలలోని తేమను లెక్కింతురు. వేడి నాలుగింటిలో ఒకటి మాత్రమే. ఆ సూచిక వెదకునది వేడిని కాదు, తేమను.

నిప్పు ఎవరిది?

ఎండ ఆరబెట్టును, నిప్పు మనుష్యుడు తెచ్చును. కాని ఏ మనుష్యుడు, ఏ పనిమీద? ఇక్కడ పాఠము రెండవసారి తప్పిపోయినది. చలిమంట వేసికొని మరచిపోయిన విహారయాత్రికుని చూపినది. గోదావరి ఒడ్డున పాపికొండల అడవులలో నిప్పునకు కారణము ప్రధానముగ అతడు కాడు. 2008లో జాతీయ ఉద్యానముగ ప్రకటింపబడిన ఈ కొండలలో టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు పెరుగును. చెట్లలో అధికభాగము మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చును. మార్చి, ఏప్రిల్ మాసములలో ఇప్పపూలు రాలును. రాలిన పువ్వు ఆకులలో కనబడదు కనుక చెట్టుక్రింద ఆకును కాల్చి నేలను శుభ్రము చేయుట కలదు. బీడీలకు పనికివచ్చు లేతచిగురు రావలెనని తునికిపొదలకు నిప్పు పెట్టుట కలదు. పోడు కొట్టి ఎండబెట్టిన కంపను వానలకు ముందు కాల్చుట కలదు. బాటసారి పారవేసిన బీడీముక్క కలదు. వీనిలో ఏ ఒక్కటియు అడవిని తగులబెట్టవలెనను దురుద్దేశముతో చేసినది కాదు. ప్రతి దాని వెనుక ఒక కూటిపని ఉన్నది. ఆ పని జరుగు నెలయు, ఆకు పూర్తిగా ఆరిన నెలయు ఒక్కటగుటయే చిక్కు.

దీనిని చెప్పకుండ "మనుష్యుల అజాగ్రత్త" అని ఊరకొన్నచో, ఆ మాట వెళ్లి వెళ్లి అడవిలో నివసించు కోయ, కొండరెడ్డి కుటుంబముల నెత్తిన పడును. మా తరగతిలో జరిగినది అదియే. ఎండమీద నేరము మోపు పాఠము, ఎవరిపేరును చెప్పని పాఠము, చివరకు బీదవానిమీద నేరము మోపుటకే తోడ్పడినది.

నిషేధము, దాని కారణము

ఇక నిషేధముల సంగతి. 1927 నాటి భారత అటవీచట్టము 26వ సెక్షను రిజర్వు అడవికి నిప్పు పెట్టుటను నేరముగ చెప్పినది. అటవీశాఖాధికారి ప్రకటించిన ఋతువులలో తప్ప నిప్పు రగుల్చుట, ఉంచుకొనుట, తీసికొనిపోవుట కూడ అందులో నిషిద్ధము. బుద్ధిపూర్వకముగగాని ఘోరమైన అజాగ్రత్తచేగాని అడవికి నిప్పంటినప్పుడు, అక్కడ మేపుకొను హక్కును, అటవీఫలసాయపు హక్కును కొంతకాలము నిలిపివేయుటకు ప్రభుత్వమునకు అధికారమున్నది. మన రాష్ట్రమునకు ప్రత్యేకముగ ఏర్పడిన 1967 నాటి అటవీచట్టము 20వ సెక్షను కూడ రిజర్వు అడవిలో నిప్పు పెట్టుటను నిషేధించినది. అనగా ఒకని నిప్పు ఊరందరి బ్రతుకుతెరువును మూయించగలదు. విషయము అంత పెద్దది.

ఆ చట్టములోని "ఋతువు" అను మాటను గమనింపవలెను. నిప్పు అన్నివేళల ఒకేవిధముగ ప్రమాదకరము కాదని చట్టము ఎరుగును. అటవీశాఖవారు కూడ వేసవికి ముందు, మంట అదుపులో ఉండు వేళ చూచి, అగ్నిరేఖల వెంబడి గడ్డిని తామే కాల్చి వేయుట కలదు. అదే నిప్పు ఒకవేళ రక్ష, మరియొకవేళ శిక్ష. ఈ తారతమ్యమునకు కారణము తేమయేనని చెప్పక, "నిప్పు పెట్టరాదు" అని బోర్డు మాత్రము వ్రాసి నిలిపినచో అది ఆజ్ఞ అగును గాని విజ్ఞానము కాదు. కారణము చెప్పని ఆజ్ఞను మనుష్యుడు అధికారి ఎదుట పాటించును, చాటున మరచును. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడును అరికట్టుట 1922-24 నాటి రంప తిరుగుబాటునకు గల కారణములలో ఒకటని చరిత్ర చెప్పుచున్నది.

కారణము తెలిసినచో మార్గము కూడ కనబడును. ఇప్పచెట్టు క్రింద వలగాని పాతచీరగాని పరచినచో ఆకు కాల్చు పని ఉండదు. తునికిపొదలను నరికినచో నిప్పు లేకయే చిగురు వచ్చును. తప్పనిసరిగ కాల్చవలసిన కంపను చుట్టును బాట తీసి, గాలిలేని ఉదయవేళ, నలుగురు మనుష్యులను దగ్గర నిలుపుకొని కాల్చవచ్చును; అదియు అనుమతి ఉన్నచోటనే.

చేలలోని నిప్పు

ఇప్పుడు మా తరగతిలో ఆ పిల్లవైపు తిరిగి చూచినవారి సంగతి. వరికోతయంత్రములు వచ్చిన తరువాత గడ్డి చేలో చెదరి మిగులుచున్నది. దానిని కాల్చుట మాగాణి పల్లెలలో కూడ వాడుకైనది. దాళ్వా కోతలు ఏప్రిల్ ప్రాంతమున ముగియును. ఆకు ఆరు ఋతువులోనే ఈ గడ్డియు ఆరును. టన్ను వరిగడ్డిలో సుమారు 5 నుండి 8 కిలోల నత్రజని ఉండును. కాల్చినచో ఇంచుమించు అంతయు పొగలో పోవును. కొల్లేటి ఒడ్డున ఎండిన జమ్ముదుబ్బులకు చేలగట్టు నిప్పు అంటుకొన్నచో గూళ్లుకట్టు పక్షులకు దిక్కెక్కడ? 1999లో అభయారణ్యముగ, 2002లో రామ్సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగ గుర్తింపు పొందిన సరస్సు అది.

ఉపగ్రహమునకు ఈ భేదములు తెలియవు. 2011లో ప్రయోగింపబడిన సువోమీ ఎన్.పి.పి. ఉపగ్రహములోని పరికరము 375 మీటర్ల చదరములుగ భూమిని చూచి, వేడిచుక్కలను గుర్తించును. డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణసంస్థ ఆ చుక్కలను అడవుల సరిహద్దులతో సరిపోల్చి క్షేత్రసిబ్బందికి హెచ్చరికలు పంపును. పోలవరము కొండమీది ఇప్పచెట్టు క్రింది మంటయు, తాడేపల్లిగూడెము చేలోని గడ్డిమంటయు ఆకాశమునుండి చూచినచో రెండును చుక్కలే. అడవిలో ఉన్నచుక్కకు మాత్రము మనము నేరమని పేరు పెట్టితిమి.

ఉపాధ్యాయులకు ఒక మనవి

ఉన్నతపాఠశాల ఉపాధ్యాయులు ఈ పాఠమును బోధించునప్పుడు ఒక చిన్న ప్రయోగమును చేర్చవలెనని నా కోరిక. ఫిబ్రవరి మాసమున, రాత్రి ఆరుబయట ఉంచిన గుప్పెడు వరిగడ్డిని తెల్లవారిన వెంటనే తక్కెడలో తూచి బరువు వ్రాసికొనవలెను. అదే గడ్డిని మధ్యాహ్నము రెండుగంటలకు మరల తూచవలెను. తరువాత 105 డిగ్రీల పొయ్యిలో బరువు తగ్గుట ఆగువరకు ఆరబెట్టి మూడవసారి తూచవలెను. మూడవ బరువును తీసివేసినచో ఉదయపు తేమ ఎంత, మధ్యాహ్నపు తేమ ఎంత అనునది పిల్లలే లెక్కగట్టగలరు. ఆ రెండు అంకెలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి, పైన చెప్పిన కేలరీల లెక్కను వారిచేతనే చేయింపవలెను. ఇందుకు అగ్గిపుల్ల అక్కరలేదు.

ఆ అంకెలను తమ చేతితో సాధించిన పిల్లవాడు ఎండకు నిప్పుపెట్టు శక్తి కలదని ఇక నమ్మడు. మార్చినెల మధ్యాహ్నము నిప్పు ఎందుకు వద్దన్నారో ఇంటికిపోయి తండ్రికి చెప్పగలడు. కొండపల్లెనుండి వచ్చిన తోటిపిల్ల నిజము చెప్పినప్పుడు, ఆమెవైపు తిరిగి చూచుటకు ముందు తన చేనువైపు ఒకసారి చూచుకొనును. విజ్ఞానపాఠమునుండి మనము కోరదగినది అంతకన్న ఏమున్నది?